ఖైరున్ బీ గారు కూర్చోవలసిన కుర్చీ గురించి

మచిలీపట్నం,
గురువారం.

శ్రీయుత ఈశ్వరప్రసాద్ గారికి,
ప్రత్యేకాధికారి, రాజారత్నం కళామందిరం,
మచిలీపట్నం.

అయ్యా,

విషయం: వచ్చే ఆదివారం సాయంత్రం మా 'అద్దకం' కళాబృందం వారి బుర్రకథకు కళామందిరం ఇచ్చెదమని చెప్పి, పిమ్మట ఇవ్వమని చెప్పి, పిమ్మట ఏదీ చెప్పకుండా క్యాంపులకు వెళ్ళుచుండుట – హాలు తాళం ఇప్పించమని కోరుట – గురించి.

సూచిక: తమరి నోటిమాటలు. (కాగితం మీద తమరు ఇంతవరకు ఏమీ పెట్టలేదు గనుక.)

పై విషయమును పురస్కరించుకొని తమ సమక్షమునకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నా పేరు తేళ్ల జెనిఫర్. ఊరు బందరు. చదువు ఎమ్మెస్సీ. ఉద్యోగం గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుట. తమ గదికి వచ్చినప్పుడల్లా "ఎవరమ్మా నువ్వు" అని అడుగుచున్నారు గనుక ఈసారి ముందే రాయడమైనది.

మా బృందంలో కొందరు హిజ్రాలు. కొందరు మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు, కొందరు ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు. అవనిగడ్డ నుంచి వచ్చే ఒకాయన తాను ఎవరో ఇంకా తేల్చుకోలేదు, తొందరేమీ లేదని చెప్పాం. సగం మంది పెడన షెడ్లలో బట్టల మీద అచ్చులు వేసే పనివాళ్ళు. షెడ్డులో నెమళ్ళూ లతలూ అద్దుతారు, సెలవు రోజున మా సొంత బొమ్మలు అచ్చులుగా చెక్కించి మా బట్టల మీద అద్దుతారు. అందుకే ఆ పేరు. కథలు చెబుతాం. ఎవరో ఒకరి డాబా మీద కలిసి టీ తాగుతాం. "మీ సంఘం కార్యకలాపాలేమిటి" అని అడిగారు కదా, ఇవే. టీ మీద అభ్యంతరం ఉన్నచో విడిగా తెలుపగలరు.

2. ఆదివారం చెప్పబోయేది బుర్రకథ. కథ చెప్పేది గౌసియా అక్క. పక్కన వంతలుగా నేనూ, చల్లపల్లి పిల్ల లహరీ. ఒక వంత రాజకీయం మాట్లాడాలి, ఇంకో వంత నవ్వించాలి, అది బుర్రకథ పద్ధతి. నాకు నవ్వించడం రాదు గనుక రాజకీయం నా వాటాకు వచ్చింది. కథ రాజులదీ రాణులదీ కాదు, అక్కదే. ఇనగుదురుపేటలో పుట్టిన పిల్లవాడు గౌసియా ఎట్లా అయిందో, దారిలో ఎవరెవరు ఏమేమన్నారో. అన్నవాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు గనుక పేర్లు మార్చాం. తమ పేరు మార్చాలా వద్దా అన్నది ఆదివారాన్ని బట్టి ఉంటుంది.

ఈ కథ ఇంతవరకు గుడివాడ బస్టాండు పక్కన, చల్లపల్లి సెంటర్లో, నాగాయలంక రేవు దగ్గర చెప్పియున్నాము. గుడివాడలో బస్సు హారన్లు మాకు మూడో వంత. నాగాయలంకలో గాలికి తలపాగాలు ఎగిరి నీళ్ళలో పడ్డాయి, చేపలవాళ్ళు తీసిచ్చారు. ఒకచోట అరటితొక్కలు కూడా పడ్డాయి. అన్నీ మాకు అలవాటే. "మరి హాలెందుకమ్మా" అని తమరు అడిగినప్పుడు నేను "సౌండు బావుంటుందండీ" అన్నాను. అది సగం. మిగతా సగం గౌసియా అక్క వాళ్ళ అమ్మ.

ఆవిడ పేరు ఖైరున్ బీ. చిలకలపూడి రోల్డుగోల్డు గొలుసులకు ఇంట్లో కూర్చుని కొక్కేలు అతుకుతారు. గౌసియా అక్క ఇల్లు వదిలి వెళ్ళాక (వెళ్ళిందా, వెళ్ళగొట్టారా అన్నది కథలో వస్తుంది) ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉంటూ, ఎదురుపడితే చెరో సందులోకి తిరిగిపోతుంటారు. నేను మాత్రం ఆవిడ దగ్గరికి వెళ్తుంటాను. వెళ్ళినప్పుడల్లా ఒక గొలుసో పతకమో పేపరులో చుట్టి నా చేతిలో పెడతారు.

"ఎవరిదో ఆర్డరు మిగిలిపోయింది. మీ ఆటలకి పనికొస్తుందేమో తీస్కెళ్ళు."

ఎవరికని చెప్పరు. నిజంగా అన్ని ఆర్డర్లు మిగిలిపోతే ఆవిడకు పని ఇచ్చే గొలుసుల షెడ్డు ఏనాడో మూతపడేది. అవన్నీ అక్క తలపాగా చుట్టూ ఉన్నాయి.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "ఒక్కసారి వచ్చి చూడండి పిన్నీ."

"ఎక్కడ, రోడ్డు మీదా?" అన్నారు. "రోడ్డు మీద వాణ్ణి చిన్నప్పట్నుంచీ ఊరు ఊరంతా చూసింది. చూసి నవ్వింది. ఇప్పుడు నేనూ పోయి ఆ జనంలో నిలబడాలా? హాల్లో ఆడమను. టిక్కెట్టు చింపి, కుర్చీలో కూర్చోబెట్టమను. అప్పుడొస్తా."

అదీ సంగతి. మాకు కావలసింది తమ హాలు కాదు, అందులో ఒక కుర్చీ. కుర్చీ విడిగా ఇవ్వరు గనుక హాలు అడిగాము.

3. తమరు మొదట "దానికేముందమ్మా, కళంటే నాకు ప్రాణం" అని సెలవిచ్చి సోమవారం రమ్మన్నారు. సోమవారం నా వెనక గౌసియా అక్కను చూసేసరికి ప్రాణం సంగతి మరిచిపోయారు. కళామందిరంలో వేషం కట్టుకునే గదులు రెండే ఉన్నాయనీ, ఒక తలుపు మీద మీసాలాయన బొమ్మ, ఇంకో తలుపు మీద కొప్పావిడ బొమ్మ ఉన్నాయనీ, మా వాళ్ళు ఏ గదిలో మారతారో "తేల్చి" చెప్పేదాకా ఫైలు కదలదనీ అన్నారు.

అయ్యా, బుర్రకథకు వేషం ఒకటే. పొడుగు అంగరఖా, నడుముకు గుడ్డ, తలకు పాగా, కాళ్ళకు గజ్జెలు. చెప్పేది ఆడదైనా అదే, మగవాడైనా అదే. ఈ జిల్లాలో కళామందిరానికి అధికారిగా ఉండి ఇది తెలియకుండా నెట్టుకొచ్చిన తమ నేర్పుకు ఆశ్చర్యపోతూ, నేనే వివరించాను. విని, "అయితే మగవేషమేగా, మగవాళ్ళ గదిలో మారమను" అని, అక్క వైపు చూడకుండా నాతో అన్నారు.

అక్క నవ్వింది. "సార్, చీర కట్టుకోవడానికి పదిహేనేళ్ళు కొట్లాడాను. మీరు కుర్చీలోంచి లేవకుండా నాకు ప్యాంటు తొడిగేస్తున్నారే!"

తమరు ఫ్యాను స్పీడు పెంచమని అటెండరు ప్రభాకర్ గారికి చెప్పారు.

పోనీ ఇంటి దగ్గరే వేషం కట్టుకుని వస్తామన్నాం. వేషాలతో రోడ్డున పడి వస్తే శాంతిభద్రతలన్నారు. ఆటోలో వస్తామన్నాం. ఆటో కూడా రోడ్డు మీదే వస్తుందన్నారు. ఈ ఒక్క పాయింటు మీద ఓడిపోయినట్టు ఒప్పుకుంటున్నాము.

4. కళామందిరం గుమ్మంలో రాజారత్నం గారి నిలువెత్తు ఫోటో ఉన్నది. జరీ చీర, వంకీలు, ముక్కుపుడక, మోకాలి దాకా జడ. ఆ మహానుభావుడు జన్మంతా రాణి వేషాలే కట్టారు. ఏటా ఆయన వర్ధంతికి తమరే దండ వేసి, మైకులో గొంతు వణికిస్తారు. ఆయన ఏ గదిలో మారేవారో ఫైలులో ఉన్నదా?

అంత వెనక్కి వద్దు. పోయిన నెల ఉద్యోగుల సంఘం వారి పౌరాణిక నాటకంలో రాణి వేషం కట్టినాయన మీసం కూడా తీయలేదు, పైన పౌడరు దట్టించారు. పద్యం ఎత్తుకున్నప్పుడల్లా చెమటకు మీసం కొంచెం కొంచెంగా బయటపడుతూ వచ్చింది. ఆయన కొప్పావిడ గదిలోంచే వచ్చారు, నేను చూశాను. తమరు శాలువా కప్పారు, అదీ చూశాను.

అంటే, మగవాడు సాయంత్రం ఆడదై, భోజనాల వేళకు మళ్ళీ మగవాడైపోతే అది కళ. తెల్లారాక కూడా ఆడదిగానే ఉంటే అది శాంతిభద్రతల సమస్య. ఈ నిబంధన ఎక్కడ రాసియున్నదో నకలు ఇప్పించగలరు.

5. హిజ్రాల హక్కుల గురించి 2014లో సుప్రీంకోర్టు ఏమన్నదో, 2019లో పార్లమెంటు ఏమి చట్టం చేసిందో కాగితాలు తెచ్చి చూపించాను. "అదంతా ఢిల్లీలో అమ్మా, ఇది బందరు" అన్నారు. కాగితాలను మాత్రం జాగ్రత్తగా తిరిగిచ్చారు, ఉంచుకుంటే చదవాల్సి వస్తుందని కాబోలు.

తర్వాత, పిల్లలు చూస్తే పాడవుతారన్నారు. ఇదే హాల్లో ఒక పెద్దమనిషి పుట్టినరోజుకు రికార్డింగ్ డాన్సులు పెట్టించారు. ముందు వరసలో పిల్లలు ఈలలు వేస్తుంటే సెల్లులో వీడియో తీసినాయన పేరు ఇక్కడ రాయను. తమరికి ఆయన బాగా దగ్గర.

తర్వాత, "అన్ని మతాల పెద్దల అంగీకారం" తెమ్మన్నారు. నేను పెళ్ళి చేసుకున్నా అంతమంది ఒప్పుకోనక్కర్లేదు. అయినా మా పాస్టరు జకరయ్య గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కాగితం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"సంతకం పెడితే సంఘంలో నన్ను ఉండనివ్వరు జెనీ."

"సరేనండీ."

"ఏ టైముకి మొదలు?"

"ఆరింటికండీ."

"వెనక వరసలో చీకటిగా ఉంటుందా?"

ఆయనకున్న ధైర్యం వెనక వరసకు సరిపోయింది. తమరికి అదీ లేకపోయింది.

6. ఇక నా సంగతి. "చదువుకున్న పిల్లవి, సేవ చెయ్యాలనుకుంటే వృద్ధాశ్రమాలు బోలెడున్నాయి. వీళ్ళతో నీకెందుకమ్మా?" అని జాలిపడ్డారు. ఇది సేవ కాదండీ అన్నాను. "మరి రీసెర్చా?" అన్నారు.

సేవా కాదు, రీసెర్చీ కాదు. పైన 1వ అంశంలో ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు అని రాశాను కదా, అందులో నేనొకదాన్ని. లహరి ఇంకొకతె. గుడివాడలో ఒకే గదిలో ఉంటాం. వారం వారం బందరు బస్సులో ఒకే సీట్లో కూర్చుని వస్తాం. మా ఇల్లుగలావిడ "అక్కాచెల్లెళ్ళు కూడా మీ అంత సఖ్యంగా ఉండరు" అని మెచ్చుకుంటూ ఉంటుంది. మా అమ్మ కృపావతి ప్రతి క్రిస్మస్‌కూ నాతోపాటు లహరికీ చీర కొంటుంది, ఏమీ అడగదు. అడిగితే చెబుదామని నేను చూస్తున్నాను. అడగకుండా గడిచిపోతే బావుండునని ఆమె చూస్తోంది. ఈ అర్జీ తమ టేబులు మీదకు చేరిన పూటే ఊరంతా చేరుతుందని నాకు తెలుసు. తెలిసే టైపు చేయించాను. టైపు చేసినాయన ఈ అంశం దగ్గర ఆగి, "అమ్మా, ఇది ఉంచాలా?" అన్నారు. ఉంచమన్నాను.

కనుక ఇకమీదట నన్ను "మంచి కుటుంబం పిల్ల"గా విడదీసి, కుర్చీ వేసి, గౌసియా అక్కను గుమ్మంలో నిలబెట్టరాదు. ఇద్దరికీ వేయండి, లేదా ఇద్దరినీ నిలబెట్టండి.

7. ఆఖరుగా మొన్న, కథ చెప్పే మనిషి తల్లిదండ్రుల అంగీకార పత్రం కావాలన్నారు. గౌసియా అక్కకు ముప్పై నాలుగేళ్ళు. ఈ వయసువాళ్ళు తమ ఆఫీసులో సెక్షన్లు నడుపుతున్నారు. తండ్రి లేడు. తల్లి సంగతి పైన మనవి చేసియున్నాను.

ఆ మాట ఖైరున్ బీ గారికి నేనే చేరవేయవలసి వచ్చింది. ఆవిడ అతుకుతున్న కొక్కెం పక్కన పెట్టారు.

"వాడు ఇల్లు వదిలి వెళ్ళినప్పుడు నా సంతకం ఎవరూ అడగలేదే," అన్నారు.

ఆ రోజు ఇక గొలుసు ఇవ్వలేదు. నేను లేచి వచ్చేశాను. తమరు అడిగే కాగితాలు ఎవరింట్లో ఎక్కడ గుచ్చుకుంటాయో తమరికి తెలియదు. తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా ఉన్నట్టు లేదు.

8. రూపాయి బిళ్ళ విషయం. ఇది రాయవద్దని అక్క అన్నది, అయినా రాస్తున్నాను.

కళామందిరానికి కొత్త రంగులు వేయించి తెరిచిన రోజున దిష్టి తీయడానికి తమ సొంత కారు పంపి గౌసియా అక్కను పిలిపించుకున్నారు. ముందు గుమ్మంలోంచే రమ్మన్నారు. అక్క బూడిద గుమ్మడికాయ తిప్పి కొట్టాక, "నీ చేత్తో ఒక బిళ్ళ ఇవ్వమ్మా" అని అరచెయ్యి చాపారు. హిజ్రా మనస్ఫూర్తిగా ఇచ్చిన బిళ్ళ దగ్గరుంటే కలిసొస్తుందని మన వైపు కొట్టు పెట్టిన ప్రతివాడికీ నమ్మకం, ఆఫీసు పెట్టినవాళ్ళకూ ఉన్నదని ఆ రోజు తెలిసింది. అక్క బిళ్ళను పళ్ళతో కొరికి, నుదుటికి ఆనించి ఇచ్చింది. పసుపు రాసిన ఆ బిళ్ళ తమ సొరుగులో రబ్బరు స్టాంపుల పక్కనే ఉన్నది. మాకు హాలు లేదని చెప్పడానికి ఏదో వెతుకుతున్నట్టు ఆ సొరుగు తెరిచినప్పుడల్లా మాకు కనబడుతూనే ఉన్నది.

ఆ రోజు ఆమె ఆడో మగో తేల్చమని అడగలేదు. మతం అడగలేదు. అమ్మ సంతకం అడగలేదు. దిష్టికి పనికొచ్చిన మనిషి కథకు పనికిరాకుండా ఎట్లా పోయింది?

నాకు ఈ నమ్మకాలు లేవు, ఫిజిక్స్ చెప్పుకు బతికేదాన్ని. తమరికి ఉన్నాయి గనుక చెబుతున్నాను. ఇచ్చిన మనిషి మనసు కష్టపెట్టాక ఆ బిళ్ళ సొరుగులో ఉంచుకోవడం అంత మంచిది కాదంటారు. కావున, హాలు ఇవ్వనిచో బిళ్ళ వాపసు ఇప్పించవలెను.

పై ఎనిమిది అంశములను పరిశీలించి, ఆదివారం సాయంత్రానికి తాళం ఇప్పించవలసినదిగా కోరుచున్నాను. గదులు రెండూ మాకు అక్కర్లేదు, తాళాలు వేసుకోండి. వేదిక వెనక మేమే అద్దుకున్న తెర కట్టుకుని దాని చాటున తలపాగాలు చుట్టుకుంటాం. దయతో అని రాయడం ఆనవాయితీ గనుక దయతో చిత్తగించవలెను. దయ కుదరకపోతే మామూలుగానే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు
(అర్జీ కింద ఇట్లాగే రాస్తారు, అపార్థం చేసుకోవద్దు),
తేళ్ల జెనిఫర్,
రాజకీయ వంత, 'అద్దకం' కళాబృందం.

తా.క.: ఈ అర్జీ తమ చేతికే ఇద్దామని వస్తే తమరు క్యాంపులో ఉన్నారని చెప్పారు. వరండా బల్ల మీద కూర్చుని ఈ నాలుగు ముక్కలు పెన్నుతో రాస్తున్నాను.

ఖైరున్ బీ గారు వచ్చియున్నారు. సంతకానికి కాదు. "అంత మనిషికి అమ్మ సంతకం అడిగినాయన మొహం ఎట్లా ఉంటుందో చూసిపోతా" అని ఆటో ఎక్కి తనే వచ్చారు. గౌసియా అక్క నాతో వచ్చింది. ఇక్కడ సందులు లేవు గనుక తిరిగిపోవడానికి ఇద్దరికీ వీలు లేకపోయింది. బల్లకు చెరో చివర కూర్చున్నారు. మధ్యలో నేనూ, ఈ కాగితాలూ.

ప్రభాకర్ గారు ఊడవడానికి హాలు తలుపు తీశారు. ఆయన తప్పేమీ లేదు, ఊడవడం ఆయన డ్యూటీ. ఖైరున్ బీ గారు లేచి లోపలికి తొంగి చూశారు.

"ఏసీనా?"

"ఫ్యాన్లే అమ్మా."

"కుర్చీలు?"

"కూర్చుని చూడండి, కూర్చుంటే ఏం పోతుంది?"

మొదటి వరసలో కూర్చుని మెడ పట్టేస్తుందన్నారు. లేచి మూడో వరస మధ్యలో కూర్చున్నారు. సంచి ఒళ్ళో పెట్టుకుని, కొంగు సర్దుకుని, నా వైపు చూశారు.

"టిక్కెట్టు ఎవరూ చింపలేదే?"

ఈ అర్జీ ఆఖరి పేజీ కింది మూల చిరిగియుండుటకు కారణం అదే. సగం ముక్క ఆవిడ చేతిలో ఉన్నది.

"మీరు ఎవరి తాలూకా అమ్మా?" అని ప్రభాకర్ గారు అడిగారు.

"ఆ గుమ్మంలో నిలబడిందే, దాని తాలూకా. దాని అమ్మని." అని, అటు తిరిగి గట్టిగా, "ఏంటే, ఇంకా అక్కడే నిలబడ్డావ్? స్టేజీ ఎక్కు. ఎంతసేపని కూర్చోను, పని వదులుకుని వచ్చా!"

అక్క నా చున్నీ లాక్కుని తలకు చుట్టుకుంది. గజ్జెలు లేవు, తంబుర లేదు. హాస్య వంత లహరి ఇంకా బస్సులో ఉంది, పామర్రు దాటిందట. అంతదాకా నవ్వించే బాధ్యత కూడా నా మీదే పడింది గనుక నేను వెళ్ళాలి.

కావున 8వ అంశం కొట్టివేసినట్టుగా భావించవలెను. బిళ్ళ తమ వద్దనే ఉంచుకోవచ్చు. ఇచ్చింది వెనక్కి అడగనని అక్క అంటోంది. నేనైతే అడిగేదాన్ని.

అనుమతి కోరిన కార్యక్రమం ప్రస్తుతం జరుగుచున్నది. ఆదివారం నాటిది రెండవ ప్రదర్శన. దానికి తమరు విచ్చేసినచో ఎక్కడైనా కూర్చోవచ్చును, మూడో వరస మధ్య కుర్చీలో తప్ప.